పొతిలో కట్టకూడనిది

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి నోబుల్ కురియన్ ఇళ్ల రికార్డులో ఒక కొత్త కాలమ్ చేర్చాడు. దానికి 'తీసుకునే పొట్లాలు' అని పేరు పెట్టాడు. నాలుగు ఇళ్లకు అంకెలు వేసి, మిగతా ఇళ్లకు సున్నా ఉంచి, టీ తాగడానికి కిందికి దిగాడు. అతను గ్లాసు కింద పెట్టేలోపు ఆ నాలుగు అంకెలు సర్వరు దాటి, పొట్లాలు తీసుకెళ్లే ఆటో డ్రైవరు విజీష్ ఫోనులోకి చేరాయి.

ఆ ఫోనును మధ్యాహ్నం పన్నెండింటికి వెస్ట్‌హిల్ వాయనశాలలో, అంటే ఊరి పఠనమందిరంలో, టీవీకి తగిలిస్తారు. మర్నాడు మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో రోగులకు ఏ ఇంటి నుంచి ఎన్ని అన్నం పొట్లాలు వెళ్తాయో పేపర్లు చదవడానికి వచ్చినవాళ్లంతా అందులో చూస్తారు.

జుమైలా ఈ సంగతి కనిపెట్టేసరికి పన్నెండుకు ఇంకా గంట పైన ఉంది. ఎరంజిపాలెంలో మేడ మీది రెండు గదులు ఆమె, నోబుల్ కలిసి పనిచేసే ఆఫీసు. ఆదివారం జాబితా ఎలా ఉందో చూద్దామని ఆమె తన ఫోనులో తెరిచింది. ఇంటికో కార్డు. పుతియోట్టిల్ అనే ఇంటి కార్డు దగ్గర ఆమె వేలు ఆగింది. ఇంటి పేరు, వార్డు, గేటు దగ్గర పెట్టే వేళ, ఇచ్చే పొట్లాలు రెండు. దాని కింద ఐదో వరస: తీసుకునే పొట్లాలు, రెండు.

"నోబులే, పుతియోట్టిల్ కార్డులో ఈ ఐదో వరస ఎక్కడిది?"

"ఏ ఐదో వరస?"

ఆమె ఫోను అతని ముందు పెట్టింది. నోబుల్ చూశాడు. కుర్చీలో వెనక్కి వాలబోయినవాడు వాలలేదు.

"దాచే జాబితాలో వెయ్యలేదు," అన్నాడు.

"వెయ్యలేదు."

"పొద్దున్నే రషీదిక్క ఫోన్ చేశారు. విమానం పిలిచేస్తున్నారు, నాలుగు ఇళ్లు చెప్తా రాసుకో అన్నారు. రాసుకున్నాను. కాలమ్ పెట్టాను. అంకెలు వేశాను. అయిపోయిందనుకున్నా."

పొట్లాల సేకరణ చూసే రషీద్ ఆ ఉదయమే మక్కాకు ఉమ్రా యాత్రకు బయల్దేరాడు. నెల దాకా రాడు. ఇచ్చే ఇళ్ల వివరాలు సర్వరులో ఉండేవి. తీసుకునే ఇళ్లు నాలుగు మాత్రం అతని తలలోనే ఉండేవి. రోజుకో వార్డు వంతు వచ్చే పొట్లాల్లోంచి కొన్ని పక్కన పెట్టి, ఆ నాలుగు ఇళ్లవాళ్లకు ఎక్కడ అందాలో అక్కడ తనే అందించేవాడు. ఎవరు, ఏమిటి అని ఎవరూ అడగలేదు. అడిగినా అతను చెప్పే మనిషి కాదు.

పుతియోట్టిల్ ఇల్లు బాలన్, సరోజినిలది. వార్డులో పొట్లాలు కట్టడం మొదలుపెట్టించింది బాలనే. పెంకుల ఫ్యాక్టరీలో పని చేసే రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి, మీరు ఎలాగూ వండుతున్నారు, ఇంకో గుప్పెడు బియ్యం పోయండి అని అడిగాడు. ఫ్యాక్టరీ మూతపడింది. కిడ్నీలు పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్. ఆ మూడు రోజులూ సరోజిని పొద్దున్నే అతన్ని ఆసుపత్రిలో దింపి, అటు నుంచి అటే తను పనిచేసే కుట్టు షాపుకు వెళ్తుంది. ఒంటిగంటకు షాపు వెనక కిటికీ మీద రెండు పొట్లాలు ఉంటాయి. వాటిని ఇంటికి తీసుకెళ్లి, ఆకు విప్పి, స్టీలు పళ్లేల్లోకి మార్చి, ఆకులు పెరట్లో పూడ్చేస్తుంది. భార్య తెల్లవారుజామునే లేచి వండి వెళ్తోందని బాలన్ అనుకుంటాడు.

పొట్లాలు మొదలైన రోజు ఆమె రషీద్‌తో ఒకే మాట అంది. "మా ఆయనకు తెలిసిన రోజు నేను తీసుకోవడం ఆపేస్తాను. ఆయన తినడం ఆపేస్తారు." ఇళ్ల ఫొటోలు తీయడానికి రషీద్‌తో వెళ్లిన జుమైలా ఆ మాట పక్కనే ఉండి వింది.

శనివారం మధ్యాహ్నం వాయనశాలలో టీవీ ముందు మొదటి బెంచీ బాలన్‌ది.

జుమైలా దాచే జాబితా తెరిచి అందులో ఒక పేరు చేర్చింది. ఆ జాబితా 'పొతి'లో ఒక భాగం. పొతి ఏడేళ్ల కిందట ఆమె రాసిన కోడ్. ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో పెట్టుకుని వాడుకునేలా ఉచితంగా బయట పెట్టింది. అలాంటి కోడ్‌ను లైబ్రరీ అంటారు. ప్రోగ్రాము లోపల ఒక ఇల్లంటే పేరు, ఫోన్ నంబరు, అంకెలు, తేదీలు, ప్రోగ్రాముకే పనికొచ్చే ఇంకో పది సంగతులు కలిసిన ముద్ద. దాన్ని బయటి ఫోనుకు పంపాలంటే ముద్దను విడదీసి, ఏ సంగతి పేరు ఏది, విలువ ఏది అని వరసగా రాసి పంపాలి. పొతి చేసేది ఆ పని. మలయాళంలో పొతి అంటే పొట్లం, పొతిచోరు అంటే అన్నం పొట్లం. ఒక్క లైను రాస్తే చాలు, ఇంటి రికార్డులో ఉన్నవన్నీ పొట్లంలో సర్దుకుని వెళ్తాయి. కొత్త కాలమ్ చేరిస్తే అదీ దానంతటదే వెళ్తుంది. వెళ్లకూడనివాటిని దాచే జాబితాలో రాసుకోవాలి. పొతికి అంతమంది దొరకడానికి కారణం ఆ ఒక్క లైనే. కొరియాలో వాడేవాళ్లున్నారు, చిలీలో వాడేవాళ్లున్నారు.

జుమైలా మార్పును సర్వరుకు పంపింది. తన ఫోనులో పాత కాపీ చెరిపేసి మళ్లీ చూసింది. ఐదో వరస పోయింది.

"పోయింది," అంది.

"విజీష్ ఫోనులో పోలేదు," అన్నాడు నోబుల్. అతను ఎవరెవరి ఫోనుకు ఏం వెళ్లిందో చూస్తున్నాడు. పొద్దున్నుంచి జుమైలా కాక ఆ జాబితా తెరిచింది ఒక్క విజీషే. "రికార్డు మారితేనే ఫోను కొత్తది అడుగుతుంది. మనం దాచామే గానీ రికార్డు మార్చలేదు. వాడి దగ్గర పాత కాపీయే ఉంటుంది. టీవీలో వచ్చేది అదే."

"తెలుసు."

"వాడికి ఫోన్ చేసి తెరవొద్దని చెప్తా."

"తెరవొద్దంటే తెరవనివాడు కోజికోడ్‌లో ఉన్నాడా? కూర్చో."

ఆమె ఒక ఆదేశం రాసింది. వార్డులోని ప్రతి ఇంటి రికార్డులోనూ 'చివరిసారి మార్చిన వేళ' అనేది ఇప్పటి వేళగా మారింది. ఇంకేదీ మారలేదు. ఈసారి ఫోను తెరవగానే అన్ని ఇళ్లూ మారాయనుకుని అన్నిటికీ కొత్త కాపీ అడుగుతుంది. పాతవి చెరిగిపోతాయి.

"నాలుగు ఇళ్లు మారిస్తే చాలుగా?" అన్నాడు నోబుల్.

"నాలుగే మారితే ఆ నాలుగే ఎందుకు మారాయని ఎవరైనా అడుగుతారు. అన్నీ మారితే ఎవరూ అడగరు."

ఆమె బ్యాగు తీసుకుంది.

"ఎక్కడికి?"

"వాయనశాలకు. నా కోడ్ మీద నాకు నమ్మకం ఉంది. విజీష్ ఫోను మీద లేదు."

వాయనశాలలో ఇరవై మంది దాకా ఉన్నారు. బాలన్ మొదటి బెంచీ మీద పేపరు మడిచి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. జుమైలాను చూసి చెయ్యెత్తాడు.

"ఏమ్మా, ఆ కంప్యూటరు నిన్ను పెళ్లాడేసిందా ఏంటి? శనివారం కూడా మొహం చూపించవు."

"కట్నం దగ్గర బేరం కుదర్లేదు బాలేట్టా. అందుకే వచ్చా." వార్డులో అందరికీ అతను బాలేట్టన్, బాలన్నయ్య.

"మరి నిలబడ్డావే? కూర్చో. విజీష్ మహారాజు రావాలిగా ఇంకా."

విజీష్ పన్నెండు దాటాక వచ్చాడు. ఆటో అడ్డంగా ఆపి, వైరు తెచ్చి, ఫోనును టీవీకి తగిలించాడు. జుమైలా వైపు చూసి తల ఊపాడు. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

"నెట్ కంపెనీవాడి తాతకు కూడా..." అని బాలన్ మొదలుపెట్టేలోపు కార్డులు వచ్చాయి. జుమైలా వరసలు లెక్కపెట్టింది. ప్రతి కార్డులోనూ నాలుగే.

బాలన్ పైకి చదివాడు. అది ప్రతి వారం అతని పనే. "కళత్తిల్, ఒకటి. ఒకటేనా? కొడుకు గల్ఫ్ నుంచి దిగాడుగా, ఆ పెట్టెలు మోయడానికి పదిమంది కావాల్సొచ్చింది. రెండు చెయ్యమనండి. నడువిలకండి, మూడు. అదీ. పుతియోట్టిల్, రెండు. మేం ఎప్పుడూ రెండే, ఎక్కువా లేదు తక్కువా లేదు." అలా చివరి దాకా చదివి పేపరు మళ్లీ విప్పుకున్నాడు.

జుమైలా బయటికి వచ్చింది. విజీష్ వెనకే వచ్చాడు. జుమైలాను అక్క వరసలో ఇత్తా అంటాడు.

"ఇత్తా, పొద్దున కార్డులో ఒక వరస ఎక్కువుంది."

"చూశావా?"

"చూశా. బాలేట్టన్ మందుల షాపుకు నా ఆటోలోనే వచ్చారు. జాబితా వచ్చిందేంట్రా, మా ఇల్లు చదువు అన్నారు. తెరిచి చూశా. నెట్ లేదన్నా."

"నమ్మారా?"

"నమ్మకేం? దారంతా కంపెనీని తిట్టారు. నేనూ కలిసి తిట్టా. లేకపోతే బాగుండదుగా."

"ఎవరికైనా చెప్పావా?"

"మా అమ్మకు కూడా చెప్పలేదు. చెప్తే నా ఆటో కంటే ముందు ఊరు దాటేది." అతను వైరు చుట్ట చుట్టాడు. "ఇప్పుడు లేదుగా ఆ వరస?"

"లేదు."

"అయితే నేను చూడలేదు."

జుమైలా ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి నోబుల్ ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా తెర మీద పొతి వాడకం వివరించే పేజీ తెరిచి ఉంది. అందులో ఎర్ర గీత కింద ఒక హెచ్చరిక ఉంది: కొత్త కాలమ్ చేర్చిన ప్రతిసారీ దాచే జాబితా చూసుకోండి. అది రాసింది నోబులే. మూడేళ్ల కిందట చిలీ నుంచి ఒకతను, పొతి ఈ పద్ధతి మార్చాలి, ఏం పంపాలో చెబితేనే పంపాలి అని అడిగాడు. హెచ్చరిక చదవండి అని జవాబిచ్చి ఆ చర్చ మూసేసింది కూడా నోబులే.

"ఏమైంది?" అన్నాడు.

"టీవీలో రాలేదు. విజీష్ చూశాడు. బయట పెట్టడు."

"నేను మర్చిపోయాను జుమైలా."

"అవును. ఆ హెచ్చరిక రాసినవాడివి నువ్వు. రాసినవాడే మర్చిపోతే చదివినవాడు ఎలా గుర్తుపెట్టుకుంటాడు? పద్ధతి మారుద్దాం. పంపమని పేరు రాసినవే వెళ్లాలి. రాయనివి లోపలే ఉండాలి."

నోబుల్ లేచి నిలబడ్డాడు. "ఇవాళ్టిది నా తప్పు, ఒప్పుకుంటున్నా. దానికోసం లోకం మీద పడతావా? ఇది మారిస్తే కొత్త పొతి పెట్టుకున్న ప్రతివాడి తెరా ఖాళీ. ఉత్త కార్డులు. ఎవర్ని తిడతారు? నన్ను. నిన్ను తిట్టడానికి నువ్వు ఫోన్ ఎత్తవుగా."

"ఖాళీగా ఉంటే వాళ్లకు తెలుస్తుంది. తిడతారు. పేర్లు రాసుకుంటారు, అయిపోతుంది. ఎక్కువ వెళ్తే ఎవరికి తెలుస్తుంది? ఇవాళ నేను ఆ జాబితా తెరవకపోతే నీకు తెలిసేదా?"

నోబుల్ వంగి హెచ్చరిక పేజీ మూసేశాడు.

"మీ అమ్మ పొతిచోరు ఎలా కడుతుంది?" అంది జుమైలా.

"ఎలా కట్టడమేంటి? అందరమ్మల్లాగే."

"కుండ మొత్తం ఆకులో బోర్లించి, వద్దనుకున్నవి ఏరి బయట పెడుతుందా?"

"అది అన్నం. ఇది కోడ్."

"అన్నమైతే కట్టేవాళ్లు చూసి పెడతారు. చమ్మంతి పచ్చడి ఇంత, మత్తి చేప వేపుడు ఒకటి, ఆమ్లెట్టు. పెట్టింది వెళ్తుంది, పెట్టనిది కుండలో ఉంటుంది. ఏడేళ్లుగా నేను కుండ బోర్లిస్తున్నాను. దానికి పొతి అని పేరు కూడా పెట్టాను."

నోబుల్ కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. కూర్చున్నాడు. "ఖాళీ కార్డులు మాత్రం రానివ్వను," అన్నాడు. "మార్చుకునేవాడికి ఒక పనిముట్టు ఇద్దాం. వాడి ప్రోగ్రాములోంచి ఇప్పుడు బయటికి ఏమేం వెళ్తున్నాయో చదివి, పేర్లన్నీ ఒకచోట రాసి పెడుతుంది. వాడు చదువుకుని వద్దన్నవి కొట్టేస్తాడు. ఒక్కసారైనా చదివి తీరాలి. అంతే."

"బుధవారానికి అవుతుందా?"

"నువ్వు సులైమానీ టీ పంపిస్తుంటే మంగళవారానికే అవుతుంది." కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "ఇంకోటి. మన సర్వరులో ఆ కాలమే తీసేస్తున్నా. ఎవరి ఇల్లో మనకెందుకు? పొట్లాలు పెట్టేవాడికి చోటు తెలిస్తే చాలు. కుట్టు షాపు వెనక కిటికీ, రెండు. అంతే రాస్తా."

జుమైలా ఒప్పుకుంది.

ఆదివారం పదకొండుకు విజీష్ ఆటోతో పాటు ఆమె కూడా వెస్ట్‌హిల్ వెళ్లింది. పుతియోట్టిల్ గేటు దగ్గర స్టూలు మీద రెండు పొట్లాలు ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి. బాలన్ స్నానానికి వెళ్లాడని సరోజిని చెప్పింది. జుమైలా జరిగింది చెప్పింది. మా వల్ల జరిగింది, ఒక మనిషి చూశాడు, బాలేట్టన్ చూడలేదు అంది.

సరోజిని చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. "చూసిన మనిషి ఎవరు?"

జుమైలా ఆటో వైపు చూసింది. విజీష్ సంచిలో పొట్లాలు సర్దుతూ తల ఎత్తలేదు.

"రషీద్ తలలో ఉన్నంతకాలం బాగానే ఉంది," అంది సరోజిని. "ఫోనులో ఉందంటే ఇవాళ కాకపోతే రేపు. రేపట్నుంచి కిటికీ మీద పెట్టకండి."

"రేపొక్కరోజు పెట్టనివ్వండి సరోజినీ ఏడత్తీ. మంగళవారం నేను షాపుకొస్తాను. నా మాట విని, అప్పుడు వద్దంటే మానేస్తాం."

"పెట్టుకోండి. నేను తియ్యను."

సోమవారం ఒంటిగంటకు నోబుల్ స్కూటరు మీద వెళ్లి కిటికీ మీద రెండు పొట్లాలు పెట్టాడు. మూడింటికి మళ్లీ వెళ్లాడు. ఆఫీసుకు ఫోన్ చేశాడు. "రెండూ అలాగే ఉన్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్లి ఇచ్చేస్తున్నా."

ఆ మధ్యాహ్నం బాలన్‌కు ఏం పెట్టారన్నది వాళ్లకు తెలియలేదు.

మంగళవారం జుమైలా కుట్టు షాపుకు వెళ్లింది. సరోజిని మిషను మీద ఉంది. స్కూలు యూనిఫారం ముక్కలు పక్కన గుట్టగా ఉన్నాయి. జుమైలా లాప్‌టాప్ తెరిచి ఆ గుట్ట మీదే పెట్టింది.

"నలిగిపోతుంది, అక్కడ కాదు," అంది సరోజిని. స్టూలు జరిపింది.

"ఇది చూడండి. మీ ఇంటి గురించి బయటికి వెళ్లేవి ఇవి. ఇంటి పేరు, వార్డు, వేళ, ఇచ్చే పొట్లాలు. నాలుగు. ఇక్కడ పేరు రాస్తేనే వెళ్తుంది. ఐదో పేరు లేదు."

"శనివారం కూడా లేదనేగా అనుకున్నారు?"

"శనివారం దాకా పద్ధతి వేరు. రాయకపోతే వెళ్లేది. ఇప్పుడు రాయకపోతే వెళ్లదు."

"మళ్లీ మీలో ఒకరు మర్చిపోతే?"

"మర్చిపోతే లోపలే ఉండిపోతుంది."

సరోజిని మిషను చక్రం మీద చెయ్యి ఉంచింది. "అంటే మర్చిపోతేనే నయం."

"అవును. ఇకమీద మర్చిపోయినా మీకేం కాదు. ఇంకోటి, లోపల కూడా మీ ఇల్లు లేదు. ఇదిగో." జుమైలా ఇంకో పేజీ చూపించింది. కుట్టు షాపు వెనక కిటికీ, సోమ బుధ శుక్ర, రెండు. "ఇది చూసినవాడికి కిటికీ తెలుస్తుంది. మనిషి తెలీదు."

"ఈ షాపులో ఆరుగురం ఉన్నాం," అంది సరోజిని.

"ఆరుగురు ఉన్నారు."

సరోజిని ఆ వరసను మళ్లీ చదివింది. తర్వాత గుట్టలోంచి ఒక ముక్క తీసి సూది కింద పెట్టింది. "మీ ఆ అబ్బాయికి చెప్పండి, కిటికీ అంచు మీద పెడితే కాకులొస్తాయి. కాస్త లోపలికి పెట్టమనండి," అంది. మిషను తొక్కడం మొదలుపెట్టింది.

బుధవారం ఉదయం పొతి కొత్త కూర్పు బయటికి వెళ్లింది. నోబుల్ రాసిన పనిముట్టు దానితో పాటే వెళ్లింది. ప్రకటనలో జుమైలా మూడు వాక్యాలు రాసింది: ఇకమీద మీరు పేరు రాసినవే వెళ్తాయి. పాత పద్ధతి తప్పు, అది నేను పెట్టిందే. వెనక్కి మార్చం.

గంటలోపే తిట్లు మొదలయ్యాయి. ఒకరు ఏడేళ్ల నమ్మకాన్ని తుంచేశారన్నారు. ఒకరు పనిముట్టు నడపకుండానే తెర ఖాళీ అయిందన్నారు. నోబుల్ ఒక్కొక్కరికీ జవాబిచ్చాడు. చిలీ అతను కూడా రాశాడు. పనిముట్టు నడిపి జాబితా చదివానని, తమ క్లినిక్ ప్రోగ్రాములోంచి మూడు పేర్లు కొట్టేశానని చెప్పాడు. నోబుల్ ఆ మూడేళ్ల నాటి చర్చను తెరిచి, దాని కింద 'మీరు చెప్పిందే సరి' అని రాసి, ఈసారి పూర్తయిందని గుర్తు పెట్టి మూశాడు.

పన్నెండున్నరకు లేచి స్కూటరు తాళం తీసుకున్నాడు.

"లోపలికి," అంది జుమైలా తెర మీంచి చూపు తిప్పకుండా.

"గుర్తుంది. కాకులు."

ఒంటిగంటకు అతను కుట్టు షాపు వెనక కిటికీలో, అంచు నుంచి జానెడు లోపల, రెండు పొట్లాలు పెట్టాడు. రోడ్డు అవతల స్కూటరు మీదే కూర్చుని ఒకరికి ఫోనులో జవాబు రాశాడు. రాసి తల ఎత్తేసరికి కిటికీ ఖాళీగా ఉంది.